తాళం వేసిన ఇల్లు వేడెక్కితే ఎక్కనివ్వండి

మొన్న సంక్రాంతికి కడప జిల్లా జమ్మలమడుగులోని మా ఇంటికి పోయి, ఇంటి తాళం తీసిన గంటకే పడసాలలో గోడకున్న నాన్న ఫోటో కిందికి దించాను. అద్దం తుడుద్దామని వెనక అట్ట విప్పితే, ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఎడమ భుజం నుంచి మెడ దాకా తెల్లటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ నూగులాంటి బూజు. గోరుతో అంచు పట్టి కొంచెం లాగితే చొక్కా రంగు అద్దం మీదికే వచ్చింది. అక్కడితో ఆపేసి, అట్ట మళ్లీ అలాగే పెట్టి మేకులు వంచేశాను.

"ఎండలకు పాడైపోయింది" అంది అమ్మ. తమ్ముడు కూడా ఫోన్‌లో అదే మాట. "ఆ వేడికి ఏ వస్తువు నిలుస్తుంది అక్కా? ఏసీ పెట్టి వదిలేయమంటే మీరు వినరు."

ఎండకు ఫోటో రంగు వెలుస్తుంది. బూజు పట్టదు, అద్దానికి అతుక్కోదు. అది చెమ్మ చేసిన పని. మా వైపు ఇంటికి ఏ చెడు జరిగినా నేరం ఎండ మీదికే పోతుంది, ఎందుకంటే ఏడాదిలో నాలుగు నెలలు మనల్ని ఏడిపించేది అదే. కానీ ఎండ ఏడిపించేది మనుషుల్ని. మనుషులు లేని ఇంటికి దానితో అంత పేచీ లేదు. మూడేళ్లుగా ఈ ఇంటితో పడుతున్న తిప్పల తర్వాత నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇదే: తాళం వేసిన ఇంటిని చల్లగా ఉంచక్కర్లేదు, పొడిగా ఉంచాలి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మనం డబ్బులూ పోగొట్టుకుంటున్నాం, వస్తువులూ పోగొట్టుకుంటున్నాం.

ఇల్లు జేజినాయన కట్టింది. నాపరాతి గోడలు, మట్టి మిద్దె. 1994లో నాన్న మిద్దె తీయించి స్లాబు వేయించాడు. తర్వాత గోడలకు సిమెంటు పూత, దాని మీద ఎమల్షన్ పెయింటు. ఇప్పుడు మేమంతా బెంగళూరులో ఉంటాం. సంక్రాంతికి నాలుగు రోజులు, మే నెలంతా, ఆగస్టులో నాన్న తద్దినానికి రెండు రోజులు ఊరికి పోతాం. మిగతా దాదాపు పదకొండు నెలలూ తాళమే. మా వీధిలో ఇట్లాంటి ఇళ్లు ఇంకో ఆరు ఉన్నాయి.

టాంపా లెక్క, జమ్మలమడుగు లెక్క

తమ్ముడు ఊరికే అనడం లేదు. వాడుండేది ఫ్లోరిడాలో, టాంపాలో. చలికాలం గడపడానికి ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చి, ఎండలు మొదలవగానే తిరిగి వెళ్లిపోయేవాళ్ల ఇళ్లు అక్కడ చాలా ఉంటాయి. వేసవంతా అవి ఖాళీ. వెళ్లేముందు ఏసీని 78, 80 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన 26, 27 డిగ్రీల దగ్గర పెట్టి, తేమ 60 శాతం దాటకుండా చూసుకునే హ్యుమిడిస్టాట్ బిగించి పోతారు. వాడు అది రోజూ చూస్తున్నాడు కాబట్టి మనకూ అదే మందు అనుకుంటున్నాడు.

అక్కడికి అది సరైన మందే. అక్కడ చాలా ఇళ్లలో లోపలి గోడలంటే జిప్సం బోర్డులు, ఆ బోర్డుకు రెండు వైపులా కాగితం. బూజుకు కాగితం కంటే మంచి తిండి ఏముంది? బయట గాలి వేసవంతా పిండని తడిగుడ్డలా ఉంటుంది. కిటికీ తెరిస్తే తేమ లోపలికి రావడమే తప్ప బయటికి పోదు. అందుకని అన్నీ బిగించుకుని, లోపలున్న గాలిలోంచి ఏసీతో నీళ్లు పిండడం తప్ప వాళ్లకు దారి లేదు.

మన లెక్క చూడండి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 25 శాతం అనుకుందాం. అప్పుడు ఘనపు మీటరు గాలిలో ఉండే నీళ్లు 13 గ్రాములు. ఆ వేడి మీద గాలి పట్టగలిగింది 51 గ్రాములు. అంటే ఇంకా 38 గ్రాములకు ఖాళీ ఉంది. అంత దప్పిక మీదున్న గాలి ఇంట్లోంచి పోతే గోడలోని, పరుపులోని, చెక్కలోని చెమ్మను పైసా ఖర్చు లేకుండా తాగేసి పోతుంది. అదే గాలిని 25 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ 55 శాతం దాటుతుంది. నీళ్లు ఒక చుక్క కూడా పెరగలేదు. వేడి గాలి బిందె అయితే చల్లగాలి చెంబు. ఉన్న నీళ్లే చెంబులో పోస్తే అంచు దాకా వస్తాయి.

ఏసీ కొంత నీటిని లాగేస్తుంది కదా అంటాడు తమ్ముడు. లాగుతుంది, కాదనను. కానీ ఏసీ వేయాలంటే కిటికీలన్నీ బిగించాలి. అప్పుడు రాతి గోడలో ఉన్న చెమ్మ బయటికి పోవడానికి మిగిలేది అర అంగుళం డ్రైన్ పైపు ఒక్కటే. బయట అంత పొడిగాలి ఊరికే వీస్తుంటే తలుపులు మూసి కరెంటుతో ఆ పని చేయించుకోవడం నాకు అర్థం కాదు.

బూజు పట్టాలంటే గోడ దగ్గరో బట్ట దగ్గరో తేమ 70, 80 శాతం దాటి కొన్నాళ్లు నిలవాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా మా ఇంట్లో అది జరగదు, ఎక్కడో పైపు కారుతుంటే తప్ప. జూన్, జూలైల్లో కూడా వానచాటు ప్రాంతం కాబట్టి మాకు వాన కంటే గాలి ఎక్కువ. అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని చూసే. మేం భయపడాల్సింది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. అంటే మనిషికి ప్రాణం కాస్త హాయిగా ఉండే నెలలే ఇంటికి గండం. ఆ నెలల్లో ఏసీ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఏసీ వదిలి వచ్చిన వేసవి

తమ్ముడి మాట ఒకసారి విన్నాం. 2023 జూన్‌లో బెంగళూరుకు తిరిగొచ్చేటప్పుడు పడకగది ఏసీని 27 మీద పెట్టి, ఫోన్‌లోనే చూసుకునేలా వైఫై బిగించి వచ్చాం. ఎదురింటి చిన్నమ్మ దగ్గరున్న తాళంచెవి కూడా తెచ్చేసుకున్నాం, ఇంక ఆమెకు శ్రమ ఎందుకులే అని.

రెండు నెలలూ తమ్ముడు టాంపా నుంచి రోజూ ఫోన్‌లో చూస్తూనే ఉన్నాడు. 27, 27, 27. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ ఆన్ చేసేవాడు. నెలకు ఇంచుమించు రెండు వందల యూనిట్లు కాలింది. ఆగస్టులో తద్దినానికి పోయి గది తలుపు తీస్తే ముక్కవాసన గుప్పుమంది. ఏసీ కింద గోడ మీద పెయింటు అరచేతంత పొక్కులుగా ఉబ్బి ఉంది. ఒక పొక్కును వేలితో నొక్కితే లోపలి నీళ్లు సన్నటి ధారగా మోచేతి దాకా కారాయి. గోడలో అమర్చిన చెక్క అలమర వెనక పలక వంగిపోయి, మూలన చెదలు మట్టిదారి వేసుకున్నాయి. బయటికి పోయి చూస్తే డ్రైన్ పైపు కొసలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది, అచ్చం బిరడా కొట్టినట్టు. బయటికి పోవాల్సిన నీళ్లన్నీ వెనక్కి తన్ని గోడలోకి దిగాయి.

ఇది ఏసీ తప్పు కాదు, కందిరీగ తప్పు అన్నాడు తమ్ముడు. పైపుకు జాలీ కడితే సరిపోయేది అన్నాడు. నిజమే, సరిపోయేది. కానీ మనుషులుండే ఇంట్లో అయితే మొదటి రోజే నాలుగు చుక్కలు కారేవి, ఎవరో ఒకరు "ఏంది ఈ నీళ్లు" అని చూసేవాళ్లు. ఖాళీ ఇంట్లో ప్రతి యంత్రం ఎవరూ చూడకుండా పాడయ్యేదే. ఆ యంత్రం నీళ్లు పుట్టించేదైతే ఇంకా చెడ్డ. ఫోనుకు గది ఎంత చల్లగా ఉందో మాత్రమే తెలుసు. గోడ ఎంత తాగిందో తెలియదు.

నేను చేసిన తప్పు

ఆ కోపంలో నేను ఇంకో కొసకు పోయాను. ఏసీ పీకించేసి, తాళంచెవి మళ్లీ చిన్నమ్మకు ఇచ్చి, ప్రతి ఆదివారం పొద్దున్నే కిటికీలన్నీ తెరవమన్నాను. వానైనా ఎండైనా ఆపొద్దన్నాను. ఇల్లు ఊపిరి పీల్చుకోవాలి అని ఆమెకు పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చాను. నెలకు వెయ్యి రూపాయలు ఇస్తామన్నాను.

ఆమె ఒక్క వారం కూడా తప్పలేదు. గట్టి వానలు పట్టిన అక్టోబరులో కూడా తెరిచింది. ఒకరోజు ఫోన్ చేసి, "బండలు చెమరుస్తాండాయి పాపా, కాలు పెడితే జారుతాంది" అంది. స్లాబు కారుతోందేమో చూడు అన్నాను. కారడం లేదంది.

కారింది గాలి. వారం రోజుల ముసురుకు నాపరాతి బండలు చల్లబడి ఉన్నాయి. కిటికీలు తెరవగానే బయటి తడిగాలి వచ్చి వాటిని తాకి నీరైంది. మంచులాంటి నీళ్లు పోసిన గ్లాసు బయట ఎట్లా చెమరుస్తుందో అట్లా. నాపరాయి సందులు లేని గట్టి రాయి, ఆ నీటిని పీల్చుకోలేదు, పైనే నిలబెడుతుంది. నాన్న ఫోటో వేలాడేది ఉత్తరపు గోడకు. ఎండ పడని గోడ, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గోడ. ఆ గోడకూ ఫోటోకూ మధ్య వేలు దూరేంత సందు కూడా లేదు. ఆదివారం ఆదివారం నేను చెప్పి తెప్పించిన తడిగాలే ఆ చుక్కల్ని మొలిపించిందని నా నమ్మకం. ఇది నాకు ఇంకా బాధగానే ఉంది.

సంక్రాంతికి చిన్నమ్మతో ఈ మాట అంటే, ఆమె నొచ్చుకోలేదు. "నువ్వు చెప్తివి గదా అని తెరిస్తి. వానల్లో తెరిస్తే ఇల్లు చెమ్మ తాగదా? మా అవ్వ ఎప్పుడూ వానలు పోయినాంకనే గవాచి మూత తీసేది" అంది. గవాచి అంటే మట్టి మిద్దెకు వెలుతురూ గాలీ రావడానికి పైన వదిలే కంత. ఆమెకు ముందే తెలుసు. నేను అడగలేదు.

కాబట్టి "ఇల్లు ఊపిరి పీల్చుకోవాలి" అనే మాట కూడా సగమే నిజం. బయటి గాలి లోపలి గాలి కంటే పొడిగా ఉన్నప్పుడే తెరవాలి. అది కనిపెట్టడానికి కొన్ని వందల రూపాయల తేమ మీటరు ఒకటి చాలు. బయట వసారాలో కాసేపు, లోపల కాసేపు పెట్టి, వేడినీ తేమనూ రెండూ చూడాలి. ఒట్టి శాతం చూస్తే మోసపోతాం, పైన చెప్పిన బిందె, చెంబు లెక్క వల్ల.

ఇంకో సంగతి. మనుషులుండే ఇంట్లో మనం తెల్లవారుజామున కిటికీలు తెరిచి, ఎండెక్కగానే మూసేస్తాం. వేడి రాకుండా. ఖాళీ ఇంటికి ఇది తలకిందులు. తెల్లవారుజామున గాలి చల్లగా, నిండుగా ఉంటుంది, ఇక తాగలేదు. ఎండ బాగా ఎక్కాక, పదకొండు నుంచి నాలుగు దాకా తెరవాలి. వేడిగాలి లోపలికి రానీ. గోడలు వేడెక్కనీ. వేడెక్కిన గోడ మీద నీరు నిలవదు. మే నెలలో మేం అక్కడ ఉండి మిట్టమధ్యాహ్నం వెనక గదుల కిటికీలు తెరిచి పెడితే అమ్మ నన్ను వింతగా చూసింది.

వేడికి ఏమీ కాదా?

అవుతుంది. అది దాచి ఈ వాదన చేయడం సరికాదు. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఎండాకాలం తొందరగా ఆవిరైపోతాయి, బ్యాటరీ వయసు సగంలో తీరిపోతుంది. మేం దాన్ని విప్పి చిన్నమ్మ వాళ్లింట్లో పెట్టించాం, వాళ్లే వాడుకుంటున్నారు. అమ్మ మందులు అక్కడ వదలకూడదు. ఫ్రిజ్ తలుపు రబ్బరు గట్టిపడుతుంది. అయినా సరే, ఫ్రిజ్ ఆపి, తుడిచి, తలుపు సందులో చెక్క పెట్టి తెరిచి ఉంచడం మేలు. మూసిన ఫ్రిజ్‌లో పట్టే బూజు వాసన ఏం చేసినా పోదు. జేజి తెచ్చుకున్న టేకుపెట్టె మూత కిందటి వేసవిలో అడ్డంగా నెర్రె ఇచ్చింది. అది మాత్రం పొడిగాలి చేసిన నష్టమే, నా పద్ధతికి కట్టిన మూల్యమే. దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, జూలై గాలికి ఇంట్లో ప్రతి వస్తువు మీద వేలితో పేరు రాయొచ్చు.

కానీ నెర్రెను పూడ్చొచ్చు, దుమ్మును తుడవొచ్చు. బూజు తిన్న ఫోటోను, చెదలు తిన్న దూలాన్ని వెనక్కి తేలేం. రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నేను పొడినే ఎంచుకుంటా.

తమ్ముడి మాటలో నిలబడేది ఒకటుంది. నవంబరు ముసురు పదిహేను రోజులు పట్టిందనుకోండి, 2021లో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వారాల్లా. అప్పుడు కిటికీలు తెరవలేం, మూసినా లోపలి తేమ తగ్గదు. బీరువా ఉన్న ఒక్క గదిలో ఆ పదిహేను రోజులు తేమ లాగే యంత్రం పెడితే తప్పులేదు. దాని నీళ్లు రోజూ పారబోసే మనిషి ఉంటేనే. లేదా ఇంకా తేలికైంది, గదిని కొంచెం వేడి చేయడం. 26 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న తేమ, గది ఐదు డిగ్రీలు వేడెక్కితే 60 దగ్గరికి దిగుతుంది. ఫోటోగ్రాఫర్లు లెన్సులు పెట్టిన బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచేది ఇందుకే. ఖాళీ ఇంట్లో రాత్రంతా వేడి బల్బు వెలిగించడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.

డబ్బులు ఎక్కడ పెట్టాలి

ఏసీకి, దాని మరమ్మతుకు, కరెంటుకు పోసిన డబ్బుతో స్లాబు మీద పని మొత్తం అయిపోయేది. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసే లెక్క. ఇంట్లోకి వచ్చే చెమ్మలో గాలి తెచ్చేది కొంతే. స్లాబు నెర్రెలు తెచ్చేది, వేపాకు చేరి పూడిపోయిన తూము దగ్గర నిలిచిన నీళ్లు తెచ్చేది, పునాది నుంచి గోడలోకి ఎక్కేది చాలా ఎక్కువ. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, గోడలు ప్రతి ఏడూ కొత్తగా చీలుతాయి.

జేజినాయన వానలకు ముందు ప్రతి ఏడూ మిద్దె ఎక్కి, కారకుండా చవుడు మన్ను పోసేవాడు. అది తప్పించుకోవడానికే నాన్న స్లాబు వేయించాడు, ఇక దాన్ని చూడక్కర్లేదు అనుకున్నాడు. ముప్పై ఏళ్లు ఎవరం పైకెక్కలేదు. ఈ మే నెలలో నెర్రెలు పూడ్పించి, పైన సున్నం కొట్టించబోతున్నాం. లోపల గోడలకు కింద మూడడుగులు సిమెంటు, ఎమల్షన్ గీకించి మళ్లీ సున్నపు పూత వేయిస్తాం. ఎమల్షన్ గోడకు రెయిన్‌కోటు తొడిగినట్టు, లోపలి చెమ్మ బయటికి రాలేక పొక్కులు లేస్తుంది. సున్నం దాన్ని రానిస్తుంది, బూజునూ అంత తేలిగ్గా పట్టనివ్వదు.

అమ్మ పట్టుచీరల బీరువా గురించి వాదన ఇంకా తెగలేదు. ధర్మవరం చీరల్లో రెంటికి జరీ నల్లబడింది. నేను చెప్పేది, బీరువా మూసే రోజే ముఖ్యం అని. మే నెల మధ్యాహ్నం చీరలన్నీ నీడలో ఆరేసి, పాలిథిన్ కవర్లు పారేసి, నాన్న పాత నూలు పంచెల్లో చుట్టి, ఆ పొడిగాలితోనే తలుపు బిగిస్తే అక్టోబరు దాకా లోపల పొడిగా ఉంటుంది. సంక్రాంతికి తెరిచి, తెల్లవారి మంచులో మూసి వస్తే ఆ చెమ్మనే లోపల పెట్టి తాళం వేసినట్టు. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదని చెప్తే అమ్మ ఒప్పుకుంది. చీరలు పంచెల్లో చుట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు, ఆ పంచెలు ఆమెకు వేరే కారణానికి కావాలి. నేను మళ్లీ అడగలేదు.

ఇంకో చిన్న పని ఎవరూ చెప్పరు. బాత్రూం జాలీ కింద వంపులో నిలిచే నీళ్లే మురికి కాలువ వాసనకు, బొద్దింకలకు అడ్డు. మా ఎండకు ఆ నీళ్లు కొన్ని వారాల్లో ఎండిపోతాయి. బయల్దేరేముందు ఒక చెంబు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే ఆవిరి కావడం బాగా తగ్గుతుంది. తర్వాత చిన్నమ్మ వచ్చినప్పుడల్లా ఇంకో చెంబు.

అన్నీ తిరిగి ఆమె దగ్గరికే వస్తున్నాయి. ఇది నా వాదనలో అన్నిటికంటే బలహీనమైన చోటని నాకు తెలుసు. ఆమెకు అరవై నాలుగేళ్లు. పద్నాలుగు కిటికీల గడియలు తీయడం, మధ్యాహ్నం ఎండలో మా ఇంటికి వచ్చి కూర్చోవడం వెయ్యి రూపాయల పని కాదు. ఈ నెల నుంచి మూడు వేలు చేశాం. ఏసీ కరెంటు బిల్లు, దాని సర్వీసు ఖర్చు కలిపి చూసుకుంటే ఇది ఎక్కువేమీ కాదని తమ్ముడే అన్నాడు, సగం తను పంపుతున్నాడు. ఎప్పుడు తెరవాలో ఇక నేను చెప్పను. మీటరు, ఒక నోటుబుక్కు ఆమెకు ఇచ్చి వచ్చాను. "తెరిస్తి", "తెరవలా" అని రాసి వాట్సాప్‌లో ఫోటో పెడుతుంది. మొన్నటి దాంట్లో "తూర్పు గాలి, మబ్బు, తెరవలా" అని ఉంది. ఆమె ఓపిక తగ్గాక ఏం చేస్తామో మా దగ్గర జవాబు లేదు, మా వీధిలో ఇంకెవరి దగ్గరా లేదు.

నాన్న ఫోటోను అద్దం నుంచి ఊడదీయబోం. మే నెలలో అద్దంతో సహా బెంగళూరు తెచ్చి, పైనుంచే స్కాన్ చేయిస్తాం. అప్పటిదాకా దాన్ని ఉత్తరపు గోడ నుంచి తీసి, వంటింటికీ పడసాలకూ మధ్య ఉన్న లోపలి గోడకు తగిలించాను. చట్రం వెనక కింది రెండు మూలల్లో సీసా బిరడాల ముక్కలు అంటించాను, గోడకూ ఫోటోకూ మధ్య వేలు దూరేంత సందు ఉండేలా.